షాంఘైలో జీవకళ లేదని తేల్చడం ఎలా?

వీపుకి సంచీ తగిలించుకుని చైనా బయల్దేరే కుర్రకారుకీ, వాళ్ళని చూసి తామూ ఓ సంచీ కొనుక్కున్న నడివయసు వాళ్ళకీ ఈ చిట్కాలు. తు.చ. తప్పకుండా పాటిస్తే తిరిగొచ్చాక మీ దగ్గర ఒకే ఒక్క అభిప్రాయం మిగులుతుంది: షాంఘై అంతా గాజూ ఉక్కూ తప్ప ఏమీ లేదు, అసలు చైనా చూడాలంటే షియాన్, పింగ్యావ్ లాంటి పాత ఊళ్ళకే పోవాలి. ఈ అభిప్రాయం ఇప్పటికే చాలామంది దగ్గర ఉంది కాబట్టి మీరు కొత్తగా ఆలోచించే శ్రమ లేదు. విన్నవాళ్ళెవరూ కాదనరు కూడా. షాంఘై వాళ్ళయితే కాదంటారేమో గానీ, పాపం వాళ్ళకి తెలుగు రాదు.

బయల్దేరక ముందే

వీసా దరఖాస్తులో ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో రాయమంటారు. పనిలో పనిగా ఏ ఊరి గురించి ఏమనుకోబోతున్నారో కూడా ఇంకో కాగితం మీద రాసేసుకోండి. అక్కడికెళ్ళాక తీరికుండదు. షాంఘైకి హడావిడి. షియాన్‌కి చరిత్ర. సుజౌకి ప్రశాంతత. పింగ్యావ్‌లో కాలం ఆగిపోయింది. కాలం ఆగిపోయిన ఊరు ఒక్కటైనా లేకపోతే విమానం ఛార్జీలు గిట్టుబాటు కావు.

చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన పిల్లలు మీ బంధువర్గంలోనో స్నేహితుల ఇళ్ళలోనో ఒకరైనా ఉండే ఉంటారు. వాళ్ళ జోలికి పోకండి. ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో ఉండి చదువుకున్నవాళ్ళు. చలికి ఎలాంటి కోటు కొనాలో, మన బియ్యం ఎక్కడ దొరుకుతాయో, ఆస్పత్రి డ్యూటీలో ముసలి రోగులు ఏమడుగుతారో, ఇలాంటి చిల్లర సంగతులే చెప్తారు. అసలు చైనా ఏది తమ్ముడూ అనడిగితే తెల్లమొహం వేస్తారు. అంతకాలం ఉండి కూడా తెలుసుకోలేకపోయారన్నమాట. మీకు మాత్రం వారం చాలు.

విమానం దిగగానే

పుడోంగ్ విమానాశ్రయంలో మాగ్లెవ్ ఎక్కండి. అయస్కాంతాల బలంతో పట్టాకి తగలకుండా తేలుతూ పోయే రైలు. 30 కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాల పైచిలుకు. ఒకప్పుడు గంటకి 431 కిలోమీటర్ల దాకా పోయేది, ఇప్పుడు 300 దగ్గర ఆపేస్తున్నారు. పెట్టెలో గుమ్మం పైన వేగం చూపించే బోర్డుంటుంది. కిటికీ జోలికి పోకుండా ఆ బోర్డునే వీడియో తీయండి. రాత్రికి డైరీలో "దారి పొడుగునా ఒక్క మనిషీ కనపడలేదు" అని రాసుకోండి. అబద్ధం రాశారని ఎవరూ అనలేరు.

ఇందులో చిన్న చిక్కుంది. ఆ రైలు ఊరి నడిమధ్యకి పోదు, లోంగ్‌యాంగ్ రోడ్ అనే చోట దించేస్తుంది. అక్కణ్ణుంచి సంచీతో సహా మెట్రో రెండో లైనులో దూరాల్సిందే. ఆ రెండో లైను విమానాశ్రయం నుంచే ఉంది, గంటకి పైగా పడుతుంది, ఖర్చు తక్కువ. దాంట్లో డ్యూటీ దిగిన లోడింగ్ కుర్రాళ్ళు నిలబడే నిద్రపోతూ ఉంటారు, కూరల సంచీ కాళ్ళ మధ్య పెట్టుకున్న అవ్వలు పక్కవాళ్ళకి చోటు చూపిస్తూ ఉంటారు. మొదటి రోజే ఇలాంటివి చూస్తే కాగితం మీద రాసుకున్నదంతా చెడిపోతుంది. 1993లో మొదలైన మెట్రో ఇవాళ 800 కిలోమీటర్లు దాటింది. అందులో ఎంత దూరం పోయినా తలెత్తకుండా ఫోనే చూస్తూ కూర్చోండి. చుట్టూ ఉన్నవాళ్ళూ అదే చేస్తుంటారు కనక, వాళ్ళంతా యంత్రాలైపోయారని రాయడానికి వీలవుతుంది.

బండ్ మీద ఎటు తిరిగి నిలబడాలి

హువాంగ్‌పు నది ఒడ్డున బండ్ అనే పొడవాటి కట్ట ఉంది. సాయంత్రమయ్యేసరికి ఇసకేస్తే రాలని జనం. అక్కడ నిలబడి రెండు ఫొటోలు తీయాలి, రెండు మాటలు అనాలి.

మొదట తూర్పుకి తిరగండి. నదికి అవతల పుడోంగ్. 1990లో ప్రభుత్వం దాన్ని అభివృద్ధికి తెరిచేనాటికి అక్కడ ఉన్నవి పొలాలు, గోదాములు, రేవులు, పాత ఫ్యాక్టరీలు. ఇప్పుడు 468 మీటర్ల ఓరియంటల్ పెర్ల్ టవర్, సీసామూత తీసే పనిముట్టులా నెత్తిన కన్నమున్న 492 మీటర్ల ఆకాశహర్మ్యం, వాటి వెనక మెలితిరిగి లేచిన 632 మీటర్ల షాంఘై టవర్. ఇటు చూసి "జీవం లేదు" అనాలి.

ఇప్పుడు పడమటికి తిరగండి. రాతి స్తంభాలు, గుమ్మటాలు, గడియారపు బురుజు. "ఆహా, పాత షాంఘై!" అనాలి. ఇక్కడ మాత్రం ఆగిపోవాలి, ఎవరు కట్టారు, ఏ డబ్బుతో కట్టారు అని అడక్కూడదు. అడిగితే 1842 నాన్‌కింగ్ ఒప్పందం దాకా పోవాలి. నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా చేత బ్రిటన్ బలవంతంగా తెరిపించిన రేవుల్లో షాంఘై ఒకటి. ఆ నల్లమందు ఎక్కడిదంటే బీహారులోనూ మాళవలోనూ మన రైతులు పండించింది, కలకత్తా, బొంబాయి రేవుల నుంచి ఓడలెక్కింది. గుమ్మటమున్న బ్యాంకు భవనం 1923 నాటిది, గడియారమున్న కస్టమ్స్ హౌస్ 1927ది, ఆకుపచ్చ శిఖరమున్న హోటలు 1929లో విక్టర్ ససూన్ కట్టించింది. ససూన్‌లు బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి, పత్తి, నల్లమందు వ్యాపారాల్లో గడించి షాంఘైకి పాకిన కుటుంబం. ఈ భవనాల ముందు కూడళ్ళలో ట్రాఫిక్ నడిపినవాళ్ళలో బ్రిటిష్ వాళ్ళు పంజాబు నుంచి తెచ్చిన సిక్కు పోలీసులున్నారు. ఇవన్నీ తెలిస్తే గుమ్మటం వైపు చూసి ఆహా అనడానికి గొంతు పెగలదు. అందుకని తెలుసుకోవద్దు.

ఇంకో సంగతి. ఈ రాతి భవనాలు కొత్తగా లేచిన రోజుల్లోనూ షాంఘై అసలు చైనా కాదన్నవాళ్ళున్నారు. అప్పట్లో అలా అనడానికి కారణం ఈ భవనాలే. ఇప్పుడు నది దాటి ఎదురుగా ఉన్నవాటిని చూపించి అదే మాట అంటున్నాం. వాటిలో ఓరియంటల్ పెర్ల్ టవర్ 1994లో పూర్తయింది. మీలో చాలామంది కంటే వయసులో పెద్దది. ఎంత వయసొస్తే కట్టడానికి పాతదన్న గౌరవం దక్కుతుందో ఒక లెక్కుండాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది: కట్టినవాడు యూరపువాడైతే అరవై ఏళ్ళు చాలు. చైనావాడైతే రాజవంశం పేరు చెప్పాల్సిందే.

సందుల్లో నిట్టూర్పులు

షాంఘైలోనూ పాత సందులున్నాయి. రాతి చట్రంలో నల్లటి చెక్క తలుపులు, ఒకదానికొకటి అతుక్కున్న రెండు మూడంతస్తుల ఇళ్ళు. షికుమెన్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో తైపింగ్ తిరుగుబాటు మంటల నుంచి పారిపోయి విదేశీ పేటల్లోకి వచ్చిపడిన జనానికి అద్దెకివ్వడం కోసం గబగబా లేపిన వరస ఇళ్ళ నుంచి పుట్టిన పద్ధతి ఇది. అంటే పక్కా రియల్ ఎస్టేటు వ్యాపారం. మీరు మాత్రం "తరతరాల ఇళ్ళు" అనండి.

సందులోకి తెల్లారుజామున పోవద్దు. ఈ ఇళ్ళలో చాలావాటికి సొంత మరుగుదొడ్డి ఉండేది కాదు, పొద్దున్నే చెక్క కుండ మోసుకెళ్ళి సందు చివర పారబోసి కడుక్కు రావడం షాంఘై ఆడవాళ్ళకి దశాబ్దాలపాటు తప్పని పని. ఒక్క కుటుంబం కోసం కట్టిన ఇంట్లో ఐదారు కుటుంబాలు సర్దుకున్నాయి. వంటిల్లు ఒకటే, కానీ ఎవరి పొయ్యి వాళ్ళది, ఎవరి బల్బు వాళ్ళది. నా కరెంటుతో నీ కూరెందుకు ఉడకాలి అని స్విచ్చులు ఎవరి గదిలోకి వాళ్ళు లాక్కున్నారు. పది దాటాక వెళ్ళారనుకోండి, కుండల గొడవ ఉండదు, వెదురుగడల మీద ఆరేసిన బట్టల మీద ఎండ పడుతూ ఉంటుంది. అప్పుడు తీసిన ఫొటోకి "ఇరుగుపొరుగు అనుబంధాలు" అని పేరు పెట్టొచ్చు.

గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చున్న బామ్మగారిని ఫోన్లో అనువాదం పెట్టి పలకరించాలనిపిస్తుంది. పలకరించండి, కాకపోతే ప్రశ్నలోనే జవాబుండాలి. "బామ్మగారూ, ఈ ఇల్లంటే మీకు ప్రాణం కదా?" అనాలి. "ఊరి బయట అపార్టుమెంటు ఇస్తామంటే వెళ్తారా?" అని మాత్రం అడక్కండి. ఆవిడ బాత్రూం గురించి అడుగుతుంది, లిఫ్టు గురించి అడుగుతుంది, ఆస్పత్రి ఎంత దూరమని అడుగుతుంది. ఆ తర్వాత దూరం ఎక్కువని తిడుతుంది, ఇరుగమ్మ ఏ బ్లాకులోకి పోయిందో తెలీదని కళ్ళు తుడుచుకుంటుంది. ఒకే మనిషికి పాత ఇంటి మీద మమకారం, దాంట్లో ఉండాలంటే విసుగు రెండూ ఉండటం డైరీలో పట్టదు. ఏదో ఒకటి రాయాలి.

కుండలూ విసుగులూ లేని పాత సందు కావాలంటే షిన్‌తియెన్‌తికి పోండి. 2001లో తెరిచారు. పాత షికుమెన్ ఇళ్ళ గోడలుంచి, లోపలంతా మార్చి, జనాన్ని ఖాళీ చేయించి, ఖరీదైన రెస్టారెంట్లు పెట్టారు. చైనా కమ్యూనిస్టు పార్టీ మొదటి మహాసభ 1921లో జరిగిన ఇల్లు ఆ పక్కనే ఉంది. విప్లవం పుట్టిన గది చూసి బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే, మామూలు చోట కడుపునిండా తినే డబ్బుకి ఒక కాఫీ వస్తుంది. పాత చైనా చక్కగా దొరికేది ఇక్కడే: వాసన లేదు, మనిషీ లేడు, తలుపుకి మాత్రం కొత్తగా నల్లరంగు.

శని ఆదివారాలు జాగ్రత్త

వారాంతంలో పీపుల్స్ పార్కుకి వెళ్ళకండి. బ్రిటిష్ వాళ్ళ గుర్రప్పందేల మైదానంలో 1950ల్లో వేసిన పార్కు అది. ఇప్పుడక్కడ పిల్లల పెళ్ళిళ్ళ కోసం తల్లిదండ్రులు సంత పెడతారు. నేల మీద విప్పిన గొడుగులు, గొడుగులకి క్లిప్పులు పెట్టిన కాగితాలు. పుట్టిన సంవత్సరం, ఎత్తు, చదువు, జీతం, సొంత ఫ్లాటుందా, షాంఘైలో శాశ్వత నివాసపు నమోదు ఉందా. అమ్మాయి ఫొటో ఒక్కోసారి ఉండదు, ఫ్లాటు సంగతి తప్పకుండా ఉంటుంది. చాలామంది పిల్లలకి తమ పేరు మీద గొడుగు తెరిచిన సంగతే తెలియదు. భాష రాకపోయినా తెలుగువాళ్ళకి ఆ కాగితాల్లో ఏముందో చదివినట్టే అర్థమైపోతుంది, అదే ప్రమాదం. ఒక పెద్దాయన మీ వైపు చూసి, మీ బూట్ల వైపు చూసి, ఉద్యోగమేంటని సైగ చేస్తాడు. నవ్వొస్తుంది. నవ్వొచ్చిందంటే ఈ నగరంలో మనుషులున్నారని ఒప్పుకున్నట్టే. తప్పక వెళ్ళాల్సొస్తే దీన్నంతా ప్రాచీన సంప్రదాయం ఖాతాలో వేసేయండి. ఈ గొడుగుల సంత 2000 తర్వాత మొదలైందని, ఒక్కో బిడ్డే ఉన్న ఇళ్ళలో ఆ బిడ్డ ఉద్యోగంలో మునిగిపోతే పుట్టిన బెంగ అని ఎవరైనా చెప్తే వినిపించుకోవద్దు.

రాత్రి ఏడు దాటాక కూడా బయట తిరక్కండి. ఆఫీసు భవనాల కింద ఖాళీ జాగాల్లో స్పీకరు పెట్టి పెద్దవయసు ఆడవాళ్ళు వరసలు కట్టి నాట్యం చేస్తారు. వాళ్ళలో ఒకప్పుడు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చివరి వరసలో చేతులు మాత్రం ఆడిస్తారు. గాజూ ఉక్కూ మీద మీరు కట్టుకున్న సిద్ధాంతం ఆ స్పీకరు మోతకి నిలబడదు. హాస్టలు గదిలో పడుకోండి.

పాత ఊరికి పోయే రైలు

షాంఘై నుంచి షియాన్‌కి వేగపు రైలు ఆరేడు గంటల్లో తీసుకెళ్తుంది. మీరు ఆకుపచ్చ పెట్టెల మామూలు రైల్లో, గట్టి సీటులో, రాత్రంతా కూర్చుని వెళ్ళండి. అనుభవం కోసం. ఎదురుగా పనుల కోసం ఊళ్ళు తిరిగే కూలీలు కూర్చుంటారు. వాళ్ళు మాత్రం టికెట్ చవకని ఎక్కారు. పెట్టె చివర వేణ్ణీళ్ళ కుళాయి, చేతుల్లో నూడుల్స్ డబ్బాలు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు. ఈ కుళాయి వేగపు రైల్లో కూడా ఉంటుంది, అదే నూడుల్స్ అక్కడా తింటారు. అయినా ఆకుపచ్చ పెట్టెలో తింటేనే అసలు చైనా.

పాతదనం కొలిచే పద్ధతి

షియాన్ కోట గోడ 1370ల నాటిది, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన అద్దె సైకిళ్ళుంటాయి. తొక్కండి, బాగుంటుంది, అందులో వెటకారమేమీ లేదు. తొక్కేటప్పుడు ఒక్కటే గుర్తు పెట్టుకోకండి: ఈ మింగ్ కాలపు గోడ చుట్టింది తాంగ్ కాలపు ఛాంగాన్‌లో, అంటే పాత షియాన్‌లో, చిన్న ముక్కని. ఎనిమిదో శతాబ్దంలో ఛాంగాన్ ప్రపంచంలోకెల్లా పెద్ద నగరాల్లో ఒకటి. గళ్ళ నుడికట్టులా గీతలు గీసి ప్లాను వేసిన రాజధాని. మధ్య ఆసియాలోని సోగ్దియా వర్తకులు, పారశీకులు, కొరియా విద్యార్థులు అక్కడ తిరిగేవాళ్ళు. అంటే మీరు ఏ హడావిడి తప్పించుకోవడానికి షాంఘై వదిలొచ్చారో ఆ హడావిడికి పుట్టిల్లు ఇదే.

పింగ్యావ్ కూడా అంతే. చుట్టూ ఆరు కిలోమీటర్ల గోడ, లోపల బూడిదరంగు ఇటుకల లోగిళ్ళు, 1997లో యునెస్కో గుర్తింపు. కాలం ఆగిపోయిన ఊరని కాగితం మీద రాసుకున్నది దీని గురించే. రిషెంగ్‌ఛాంగ్ అనే కొట్టు ఇక్కడే ఉంది. ఒక ఊళ్ళో వెండి కడితే ఇంకో ఊళ్ళో చీటీ చూపించి తీసుకునే హుండీల వ్యాపారం చైనాలో మొదట పెట్టింది 1823లో వాళ్ళే. పంతొమ్మిదో శతాబ్దంలో దేశం నలుమూలల డబ్బు పింగ్యావ్ షావుకార్ల చిట్టాల గుండా తిరిగేది. 1911 విప్లవం తర్వాత ఆ షావుకార్లు దివాలా తీశారు. పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఊరికి లేకపోయింది. కాలం ఆగలేదు, డబ్బాగింది. ఇది డైరీలో రాస్తే పింగ్యావ్ తన కాలపు పుడోంగ్ అయిపోతుంది, అప్పుడు మన వాదన గతేం కాను?

షియాన్‌లో పెద్ద హంస పగోడా చూసేటప్పుడు మరీ జాగ్రత్త. 652లో కట్టారు. మన బడి పుస్తకాల్లో ఉన్న హ్యుయాన్ త్సాంగ్ భారతదేశం నుంచి మోసుకొచ్చిన 657 గ్రంథాలు దాచడానికి. వీపున సంచీ తగిలించుకుని తిరిగినవాళ్ళందరికీ ఆయన మూలపురుషుడు. పదిహేడేళ్ళు తిరిగాడు, ఆంధ్రదేశం వచ్చాడు, ధాన్యకటకంలో ఆగి చదువుకున్నాడు. ఆయన రాసుకున్న పద్ధతి చూడండి: ఈ రాజ్యం చుట్టుకొలత ఇంత, పంటలు ఇవి, ఎండ ఎక్కువ, జనం కోపిష్ఠులు, కానీ చదువంటే ఇష్టం. ధాన్యకటకం దగ్గర విహారాలు చాలా ఉన్నాయి, ఎక్కువ భాగం పాడుబడ్డాయి, మనుషులున్నవి ఇరవై దాకా, వాటిలో సన్యాసులు వెయ్యిమంది దాకా. పాడుబడ్డ విహారం దగ్గర నిలబడి కాలం ఆగిపోయిందని ఆయన అనలేదు. ఎంతమంది ఉంటున్నారని లెక్కపెట్టుకుని ముందుకి పోయాడు. ఇది పూర్వపు పద్ధతి. కెమెరా లేని రోజులు కనక ఆయనకి అలా గడిచింది.

పాత కట్టడం దగ్గర శిలాఫలకం ఉంటే చదవద్దు. చోంగ్‌చింగ్‌లో కొండ మీద మెట్లు మెట్లుగా దీపాలతో మెరిసే హోంగ్‌యాదోంగ్ చూసి ప్రాచీన చైనా అని పరవశించండి. ఇప్పుడున్నది 2006లో కట్టింది. అదే ఊళ్ళో లిజిబా దగ్గర అపార్టుమెంటు కడుపులోంచి దూసుకుపోయే రైలు దానికంటే ముందు మొదలైంది. హాంగ్‌జౌలో లేఫెంగ్ పగోడా 1924లో కూలింది, ఇప్పుడున్నది 2002లో లేపారు, ఎస్కలేటర్ ఎక్కి పోవచ్చు. వుహాన్‌లో పచ్చకొంగ భవనం ఎన్నిసార్లు కాలిందో, ఎన్నిసార్లు లేచిందో. చివరిసారి 1884లో కాలింది. తర్వాత ఆ చోటుని యాంగ్‌జీ వంతెనకి ఇచ్చేశారు, 1985లో కాస్త దూరంలో కాంక్రీటుతో కట్టి లిఫ్టు పెట్టారు. చైనావాళ్ళు దాన్ని నకిలీ అనుకోరు. వాళ్ళకి చోటూ, పేరూ, దాని మీద కవులు చెప్పిన పద్యాలూ ముఖ్యం, ఇటుక కాదు. శ్రీకాళహస్తి రాజగోపురం 2010లో కూలితే మళ్ళీ కట్టి 2017లో కుంభాభిషేకం చేశాం, కింద నుంచి దండం పెట్టుకునేవాడు సిమెంటు వయసు అడగడు. ఈ పోలిక తోస్తే వెంటనే తుడిచేయండి, లేకపోతే నకిలీ అనే మాట వాడటం కష్టమవుతుంది. ఆ మాట లేకుండా చైనా యాత్ర రాయడం ఇంకా కష్టం.

అన్ని కొత్త పాతలూ ఒకటి కావులెండి. దాతోంగ్‌లో గెంగ్ యాన్‌బో మేయరుగా ఉన్నప్పుడు మింగ్ కాలపు గోడని తిరిగి నిలబెట్టడం కోసం వేలాది ఇళ్ళు పడగొట్టారు. ఆయన వెంట తిరిగి తీసిన డాక్యుమెంటరీ 2015లో వచ్చింది. రోడ్డు మీద కాళ్ళు పట్టుకునే జనం, వాళ్ళ మధ్యనుంచి అరుచుకుంటూ నడిచే మేయరు. లిజియాంగ్‌లో 1996 భూకంపం తర్వాత పాత ఊరికి యునెస్కో పేరొచ్చింది, పేరు రాగానే అద్దెలు పెరిగాయి, అక్కడి స్థానిక నాషీ తెగ కుటుంబాలు ఇళ్ళు వ్యాపారులకిచ్చి కొత్త పేటలకి మారాయి. ఇప్పుడా కాలవల పక్కన నాషీ బామ్మలు కనపడుతున్నారంటే ఎక్కువమంది పగలొచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళే. పాత ఊరిని మనలాంటివాళ్ళ కోసం కాపాడితే అందులో మనలాంటివాళ్ళే మిగులుతారు. ఇది కోపం తెప్పించాల్సిన విషయం, అందుకే చిట్కాల్లో చోటు లేదు. మీరు కాలవ పక్కన కూర్చుని కాఫీ తాగండి.

బాగా ఆరితేరినవాళ్ళకి: షెన్‌జెన్

షాంఘై మీద చేయి తిరిగాక షెన్‌జెన్ మీద ప్రయోగించవచ్చు. "నలభై ఏళ్ళ కిందట ఇది చేపలు పట్టే పల్లె" అని మొదలుపెట్టాలి. అందరూ అలాగే మొదలుపెడతారు. 1979లో ఇది లక్షల జనమున్న జిల్లా అని, ఊళ్ళోని నాన్‌తౌ కోట పదిహేడు వందల ఏళ్ళ నాటి పాలనా కేంద్రమని చెప్తే కథ రక్తి కట్టదు. 2020 జనగణనలో కోటి 75 లక్షలు దాటిన ఆ నగరంలో, పాత పల్లెల జాగాల్లో పల్లెవాళ్ళే లేపిన ఇరుకు మేడలున్నాయి. ఈ కిటికీలోంచి ఆ కిటికీలోని వాడితో చేయి కలపొచ్చు. పార్సిళ్ళు మోసే కుర్రాళ్ళు, ఫ్యాక్టరీ అమ్మాయిలు, మొదటి ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు అద్దెకుండేది అక్కడే. కింద రాత్రంతా నూడుల్స్ బండ్లు, తాళాలు బాగుచేసేవాళ్ళు, ఊరి కులదైవం గుడి. సందు ఇరుకు పింగ్యావ్‌లో ఉంటే వారసత్వం, షెన్‌జెన్‌లో ఉంటే మురికివాడ. కొలత ఒకటే అయినా సరే.

చిల్లర విషయాలు

డబ్బు: అలీపే, వీచాట్ పెట్టుకుంటే మన అంతర్జాతీయ కార్డులు కలుపుకోవచ్చు. పెట్టుకోకండి. నోట్ల కట్టతో వెళ్ళి, కూరగాయలమ్మే అవ్వ క్యూఆర్ కోడ్ చూపించగానే నొచ్చుకోండి. పాత ఊళ్ళో అవ్వ కూడా అదే చూపిస్తుంది, అప్పుడు మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోండి.

దారి: గూగుల్ మ్యాప్‌నే నమ్మండి. అసలది తెరుచుకోవడమే కష్టం. తెరుచుకున్నా చైనా పటాలకి వేరే కొలమానం కనక చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకి జరిగి మీరు నదిలో నిలబడ్డట్టు చూపిస్తుంది. దారి తప్పారు కాబట్టి తత్వం రాయొచ్చు.

తిండి: శాకాహారమని చెప్తే టోఫూ మీద పంది కీమా చల్లి తెస్తారు, అది వాళ్ళ లెక్కలో మాంసం కాదు, రుచి. బౌద్ధుల శాకాహార భోజనశాలలు షాంఘైలో బోలెడున్నాయి. వెతక్కండి. ఆవకాయ సీసాతో వారం గడిపి చైనా తిండి మీద వ్యాసం రాసినవాళ్ళున్నారు.

తిరిగొచ్చాక

ఫొటోల్లో ముందుగా వెయ్యాల్సింది పంజరంలో పిట్టతో కూర్చున్న ముసలాయనది. ఆయన రెండో చేతిలో ఫోన్ ఉంటుంది, అది కనపడకుండా కత్తిరించండి. కత్తిరించడానికి వీల్లేకపోతే నలుపు తెలుపుల్లోకి మార్చండి, చాలావరకు కప్పుకుపోతుంది. ఆ ఫొటో షాంఘైలో తీసిందైతే ఊరి పేరు రాయకండి. చూసినవాళ్ళు పింగ్యావ్ అనే అనుకుంటారు.

రెండు వరసల్లో పోలిక రాయండి. అటు గాజు, ఇటు ఇటుక. అటు వేగం, ఇటు నిదానం. అటు జనం, ఇటు మనుషులు. పింగ్యావ్ కుర్రాళ్ళు చదువైపోగానే ఏ ఊరు పోతున్నారని ఎవరైనా అడిగితే, ప్రశ్న సరిగ్గా వినపడనట్టు తల ఊపండి.

చివరగా, మీ ఫొటోలు చూసి ఎవరో ఒకరు ఇప్పుడు మేమూ వెళ్ళొచ్చా అనడుగుతారు. వెళ్ళండి అనొద్దు. కాసేపు ఆలోచించినట్టు నటించి, "పదేళ్ళ కిందటైతే వెళ్ళాల్సిందే, ఇప్పుడేముంది" అనండి. పదేళ్ళ కిందట మీరూ వెళ్ళలేదని వాళ్ళకి తెలియదు కదా.